ఛైర్మన్‌గారి కంటే ముందు నవ్విన మనిషి

మైలవరపు సుభాషిణి ఛైర్మన్‌గారి కంటే ముందు నవ్వింది.

నవ్వడం తప్పు కాదు. ముందు నవ్వడమే తప్పు. విదేశీ భూత చిత్రాల పరిశీలనా మండలిలో సహాయ కార్యదర్శిగా చేరిననాటి నుంచీ ఆమె ఆ తప్పు ఎన్నడూ చేయలేదు. చేసే అవకాశమూ రాలేదు. మండలికి వచ్చే సినిమాల్లో నవ్వు పుట్టించేవి తక్కువ. వాటిలో ఛైర్మన్ కంచర్ల పురుషోత్తమయ్యగారికి నవ్వొచ్చేవి ఇంకా తక్కువ.

పురుషోత్తమయ్యగారు నీటిపారుదల శాఖలో చీఫ్ ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ కాలువలు తవ్వించిన మనిషి గనుక, మండలి పగ్గాలు చేతికి రాగానే నవ్వుకి కూడా ఒక పారుదల పద్ధతి పెట్టారు. "నవ్వు పైనుంచి కిందికి ప్రవహించాలి. పై కాలువ ఎండి ఉండగా చివరి ఆయకట్టులో నీళ్లు కనబడ్డాయంటే ఎక్కడో గండి పడిందని అర్థం," అని సర్క్యులర్ ఇచ్చారు.

పద్ధతి ఇలా నడిచేది. సినిమా చూస్తుండగా ఛైర్మన్‌గారికి నవ్వొస్తే చూపుడు వేలు పైకెత్తుతారు. నోటితో నవ్వరు. అప్పుడు ఉపసంఘాల కన్వీనర్లు నవ్వుతారు. వాళ్లు ముగించాక సభ్యులు, తర్వాత అధికారులు, ఆ తర్వాత గుమాస్తాలు, చివరగా అటెండర్లు. నవ్వు ఆఖరి వరసకు చేరేసరికి తెర మీద సీను మారిపోయేది. అటెండర్లు తరచూ చావు సీన్లలో నవ్వేవారు. దాన్నెవరూ తప్పుబట్టలేదు, వరస తప్పలేదు కదా.

ఇంతకీ ఈ మండలి ఎందుకు పుట్టిందంటే, పరదేశపు దయ్యాల సినిమాలు చూసి పిల్లలు పక్కలు తడుపుతున్నారని ఎవరో సభలో ప్రశ్న వేశారు. ప్రశ్నకు జవాబు దొరక్క మండలి వేశారు. బయటి దేశాల నుంచి భూతం, రాకాసి, పిశాచం వంటివి ఏవి వచ్చినా ముందు ఇక్కడ ఆగాలి. మండలి చూసి భయానకమో హాస్యమో తేల్చాలి. భయానకమైతే పెద్దలకు మాత్రమే. హాస్యమైతే ఇంటిల్లిపాదికీ. రెండూ ఉంటే దాన్ని రససంకరం అంటారు. అటువంటి సినిమా ఉండడానికి వీల్లేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం తెర మీదికి వచ్చింది నార్వే సినిమా. తెలుగులో దాని పేరు 'కొండ దిగిన మామయ్య'.

మామయ్య అంటే ట్రోలు. ఆ దేశపు కొండల్లో ఉండే రాకాసి జాతి. సొరకాయంత ముక్కు, ఆవుకున్నట్టు తోక, ఒంటినిండా నాచు, మీద పాత కోటు. సూర్యరశ్మి సోకితే రాయైపోతాడు. అక్కడి అమ్మమ్మలు ఈ కథలే చెప్పి పిల్లల్ని పడుకోబెడతారట. సినిమాలో మూడు వందల ఏళ్లుగా కొండ కింద నిద్రపోతున్న ట్రోలుకు సొరంగం పేలుళ్లతో మెలకువ వస్తుంది. తల మీద మట్టి దులుపుకుని లేచి, "ఏవండోయ్, కాస్త నెమ్మదిగా కొట్టుకోండి, పడుకున్నోళ్లున్నారిక్కడ," అంటాడు. డబ్బింగు భీమవరంలో చెప్పించారు. పనివాళ్లు పారిపోతారు. ఇంజినీరు మాత్రం పారిపోకుండా, అభ్యంతరాలుంటే టౌన్‌లో మున్సిపల్ ఆఫీసుకెళ్లి చెప్పుకోమంటాడు. ట్రోలు సరేనని కొండ దిగుతాడు.

చలికాలంలో ఆ దేశంలో పొద్దు బాగా ఆలస్యంగా పొడుస్తుంది. ఆఫీసులు చీకట్లోనే తెరుస్తారు. ట్రోలు గుమ్మంలోంచి పట్టక గోడలోంచి లోపలికొచ్చి, కౌంటర్ ముందు నిలబడ్డాడు. కౌంటర్లో ఉన్న ముసలావిడ తలెత్తకుండా "టోకెన్ తీసుకున్నారా?" అంది. ట్రోలు వెనక్కి వెళ్లి, తాటి దుంగల్లాంటి రెండు వేళ్లతో ఆ చిన్న కాగితాన్ని నలగకుండా లాగి, కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ ముక్కలు ముక్కలైంది. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు. కిందపడ్డ ముక్కలు ఏరి జేబులో వేసుకున్నాడు. తర్వాత కుర్చీ ఇంకా కిందే ఉన్నట్టుగా, మోకాళ్లు వంచి, గాలిలో మర్యాదగా కూర్చున్నాడు.

అక్కడ నవ్వింది సుభాషిణి. ముక్కులో మొదలై, గొంతులో ఆపబోతే ఆగక, హాలంతా వినబడింది.

ఛైర్మన్‌గారి వేలు కుర్చీ చేతి మీదే ఉంది.

"ఆపండి," అన్నారాయన.

ప్రొజెక్టర్ దగ్గరున్న ఇస్మాయిల్ బొమ్మ ఆపేశాడు. తెర మీద ట్రోలు గాలిలో కూర్చునే ఉన్నాడు. అతని ముందు క్యూలో ఒక్క ముసలాయన మిగిలాడు. కిటికీ అవతల ఆకాశం తెల్లబడుతోంది.

"లైట్లు," అన్నారు ఛైర్మన్‌గారు.

ఆ క్షణంలో సుభాషిణికి తన ఉద్యోగం గుర్తు రాలేదు. అయ్యో, ఎండొచ్చే లోపల వాడి నంబరు పిలుస్తారా లేదా, అనుకుంది.

*

"ఎందుకు నవ్వారు?" అని అడిగారు పురుషోత్తమయ్యగారు తన గదిలో.

"నవ్వొచ్చింది సార్."

"అది ఫలితం. నేనడిగింది కారణం."

"కుర్చీ ముక్కలు జేబులో వేసుకున్నాడు కదా సార్."

"ప్రభుత్వ ఆస్తిని ధ్వంసం చేసి సాక్ష్యాలు మాయం చేశాడు. ఇందులో మీకు నవ్వవలసిన అంశం ఏం కనబడింది?"

సుభాషిణి ఆలోచించింది. ఆలోచించిన కొద్దీ మళ్లీ పెదవి వణికింది. గబగబా నేల చూసింది.

"మిగతా సినిమా ఎప్పుడు వేస్తారండి?"

"మిగతాదా? ఇప్పుడిది సినిమా కాదమ్మా, విచారణలో ఉన్న వస్తువు. ఒక అధికారి నవ్వింది గనుక ఇందులో హాస్యం ఉన్నట్టు. రాకాసి ఉన్నాడు గనుక భయానకం ఎలాగూ ఉంది. అంటే రససంకరం. మీ ఒక్క నవ్వుతో మండలి పుట్టాక లేని సమస్య వచ్చిపడింది."

ఆయన కళ్లజోడు తీసి తుడిచారు. గొంతు కొంచెం దించారు.

"మీరు దగ్గి ఉండవచ్చు."

"దగ్గలేదు సార్."

"తొందరపడకండి. మీ పేరు డిప్యూటీ కార్యదర్శి పోస్టుకు నేనే పైకి పంపాను. నవ్వు మీద విచారణ ఉంటే ఆ కాగితం అక్కడే ఆగిపోతుంది. దగ్గుకు అలాంటి ఇబ్బంది లేదు. దగ్గు అని తేలిందనుకోండి, సినిమాలో హాస్యం లేనట్టే. భయానకం అని సర్టిఫికెట్ ఇచ్చి, మిగతా సగం వచ్చే శుక్రవారమే చూసేద్దాం. ఆఖరి దాకా."

"ఆఖరి దాకానా సార్?"

"ఆఖరి దాకా."

సుభాషిణి బయటికొచ్చేసరికి వరండాలో తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటుతో ఒకాయన లేచి నిలబడ్డాడు. సినిమా హక్కులు కొన్న పెన్మెత్స రామభద్రరాజు. భీమవరంలో రొయ్యల ఎగుమతి వ్యాపారం.

"మేడంగారండీ, నవ్వింది తవరేనా అండి?"

"నేనేనండి."

"మీ కడుపు చల్లగుండ. నేను చేపలోళ్ల ఎగ్జిబిషన్‌కని ఆ దేశం వెళ్లానండి. బైట మంచు, పని అయిపోయింది, ఏం తోచక హాల్లోకి దూరానండి. భాష ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. అయినా పడీ పడీ నవ్వానండి ఆయ్. పక్కనున్న తెల్లోడు నన్ను పట్టుకుని నవ్వాడు. ఆడెవడో నేనెవడో. అప్పుడే అనుకున్నాను, ఇది మన పిల్లలకి చూపించాలని. మా మనవరాలికైతే ఆడి ఫోటో కూడా చూపించాను, దానికి ఆడు ముద్దొచ్చేశాడంట. ఇప్పుడు పెద్దోళ్లకి మాత్రమే అంటే ఏం చేసుకోనండి?"

"రాజుగారూ, ఒక్క మాట చెప్పండి. వాడి నంబరు పిలుస్తారా?"

రాజుగారి మొహం వెలిగిపోయింది. "పిలవడమా అండీ, అక్కడే ఉంది అసలు మజా. ఎండ ఇలా వచ్చేత్తుందండి, వచ్చేత్తుంటే ఆ కౌంటర్ ముసల్ది ఉంది చూశారూ, అది లేచి..."

అంతే. ఆయనకి నవ్వు అందుకుంది. భుజాలు ఎగిరాయి, కళ్లల్లో నీళ్లొచ్చాయి, స్తంభం పట్టుకున్నాడు. "అది లేచండి..." అన్నాడు మళ్లీ. మళ్లీ ఉక్కిరిబిక్కిరయ్యాడు. అటెండరు మంచినీళ్లు తెచ్చి తాగించాడు. రామభద్రరాజు మొహం తుడుచుకుని మూడోసారి మొదలుపెట్టి, 'అది' దగ్గరే కూలబడ్డాడు.

"నా వల్ల కాదండీ," అన్నాడు రొప్పుతూ. "ఇది చెప్పేది కాదు. చూడాలి."

*

విచారణకు ఉపసంఘాలు రెండూ కలిసి కూర్చున్నాయి. మండలి సమావేశాల మినిట్స్ రాయవలసింది సహాయ కార్యదర్శి గనుక, తన మీద విచారణకు మినిట్స్ సుభాషిణే రాసుకుంది.

భయ ఉపసంఘం కన్వీనరు డాక్టర్ ఏలేటి దయానిధి మనస్తత్వ శాస్త్రం ప్రొఫెసరు. సినిమా నడుస్తున్నంతసేపూ సభ్యుల నాడి చూసి భయాన్ని కొలవడం ఆయన పని.

"ఈ చిత్రం తీవ్ర భయానకం. అందులో సందేహం లేదు," అన్నారు. "సుభాషిణిగారి నవ్వే అందుకు రుజువు. మితిమీరిన భయం కలిగినప్పుడు మనిషి నవ్వుతాడు. ఆవిడ భయపడింది. ఎంత భయపడిందో ఆవిడకే తెలియదు."

"నాకు భయం వేయలేదండి," అంది సుభాషిణి రాస్తూనే.

"చూశారా, తెలియదన్నాను కదా. అది కూడా రాయండి."

హాస్య ఉపసంఘం కన్వీనరు ఆకొండి నృసింహంగారు గొంతు సవరించుకున్నారు. హాస్యరసం మీద మూడు సంపుటాలు రాశారాయన. ఆయన నవ్వగా చూసినవాళ్లు మండలిలో లేరు.

"నా ఆక్షేపణ వేరు," అన్నారు. "శాస్త్రం ప్రకారం నవ్వు ఆరు విధాలు. స్మితం, హసితం ఉత్తములకు. విహసితం, ఉపహసితం మధ్యములకు. అపహసితం, అతిహసితం అధములకు. మన మండలి ఉద్యోగులకు వీటిని హోదాల వారీగా నేనే ఇదివరకు కేటాయించాను. సహాయ కార్యదర్శి స్థాయికి విహసితం దాకా అనుమతి ఉంది. అంటే మెత్తని ధ్వనితో, సందర్భోచితంగా. ఆవిడ నవ్వింది భుజాలు కదిలేలా. అది అపహసితం. అటెండర్ల నవ్వు."

"అటెండర్ల నవ్వు అధికారి నవ్వితే ఏమవుతుంది?" అని అడిగారు ఛైర్మన్‌గారు.

"హోదా దిగజార్చుకోవడం అవుతుంది. లేదా అటెండర్ల హోదా పెంచవలసి వస్తుంది."

ఛైర్మన్‌గారి మొహం మీద ఆందోళన కనబడింది. అటెండర్ల హోదా పెంచాలంటే ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి.

"అసలు రాకాసి వల్ల హాస్యం పుట్టదు," అన్నారు నృసింహంగారు ముగింపుగా. "పుట్టకూడదు. కనుక పుట్టలేదు. ఆవిడ నవ్విందంటే అది హాస్యం వల్ల కాదు. వేరే ఏదో వ్యాధి."

వ్యాధి అన్న మాటతో రెండు ఉపసంఘాలకూ ఒక దారి దొరికింది. వైద్య పరీక్షకు పంపాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. సుభాషిణి రాసుకుంది.

*

పెద్దాసుపత్రిలో గొంతు డాక్టరు టార్చి వేసి చూశాడు.

"ఏది, దగ్గండి."

దగ్గింది.

"ఇదేనా ఆ రోజు వచ్చింది?"

"కాదండి. ఆ రోజు నవ్వొచ్చింది."

"ఎందుకు?"

చెప్పింది. గోడలోంచి రావడం చెప్పింది, టోకెన్ చెప్పింది, కుర్చీ చెప్పింది. జేబు దాకా వచ్చేసరికి డాక్టరు టార్చి పక్కన పెట్టాడు. గాలిలో కూర్చోవడం ఆమె లేచి మోకాళ్లు వంచి చూపించింది. డాక్టరు బల్ల మీద తల పెట్టేశాడు. తలుపు అవతలున్న నర్సమ్మ ఏమైందోనని లోపలికొచ్చి, సహాయ కార్యదర్శి గాలిలో కూర్చుని ఉండడం చూసి, సంగతి తెలియకుండానే నవ్వింది.

"తర్వాత?" అన్నాడు డాక్టరు కళ్లు ఒత్తుకుంటూ. "ఎండొచ్చిందా? రాయైపోయాడా?"

"తెలీదండి. ఆపేశారు."

"ఆపేశారా? అక్కడెవడైనా ఆపుతాడా?"

ఆయన నిజాయితీపరుడు. ఉన్నది ఉన్నట్టు రిపోర్టు రాశాడు. దగ్గు లేదు, గొంతు బాగుంది, రోగికి నవ్వు ఉంది, ఆ నవ్వు పరీక్షిస్తున్న వైద్యుడికీ నర్సుకూ కూడా సోకింది, అని.

మండలి ఆ రిపోర్టులో 'సోకింది' అన్న మాట దగ్గర ఆగింది. దయానిధిగారు అంటువ్యాధుల నివారణ చట్టం తెప్పించారు. మర్నాడు మున్సిపాలిటీ వాళ్లు వచ్చి ప్రివ్యూ హాల్లో బ్లీచింగ్ పౌడర్ చల్లారు. హాలుకు తాళం పడింది. సినిమా ఉన్న హార్డ్ డిస్క్‌ను ప్లాస్టిక్ సంచీలో చుట్టి, గ్లౌజులు వేసుకున్న ఇద్దరు బీరువాలో పెట్టారు. ఆ రోజు హాల్లో ఉన్న ఉద్యోగులందరి దగ్గరా నవ్వు లక్షణాలున్నాయేమో కనుక్కున్నారు. ఎవరికీ లేవన్నారు. అయితే ప్రతివాడూ సుభాషిణి సీటు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అదే ప్రశ్న అడిగాడు.

"మేడం, వాడి నంబరు పిలుస్తారంటారా?"

ఇస్మాయిల్ అయితే మధ్యాహ్నం భోజనం దగ్గర పందెం పెట్టించాడు. గుమాస్తాలు రాయైపోతాడన్నారు. మున్సిపల్ ఆఫీసుల సంగతి తమకు తెలుసన్నారు.

సుభాషిణి ఎటూ చెప్పలేకపోయింది. మార్కెట్లో బెండకాయలు ఏరుతున్నా, బస్సులో నిలబడ్డా ఆమెకు ఆ కిటికీ, అవతల తెల్లబడుతున్న ఆకాశం, గాలిలో కూర్చున్న ట్రోలూ కనబడేవి. పాపం, మోకాళ్లు నొప్పెడుతూ ఉంటాయి కదా అనిపించేది.

*

తుది సమావేశం రోజు ఛైర్మన్‌గారు నేరుగా అడిగారు.

"వైద్యుల మాట అలా ఉంచండి. మీ నోటితో మీరు ఏం చెబితే అది రాసుకుంటాం. దగ్గా, నవ్వా?"

దగ్గు అంటే డిప్యూటీ కార్యదర్శి పోస్టు వస్తుంది. వచ్చే శుక్రవారం ఆఖరి దాకా సినిమా కూడా చూడొచ్చు. కాకపోతే పిల్లలెవ్వరూ దాన్ని చూడరు. రాజుగారి మనవరాలు కూడా. నవ్వు అంటే పోస్టు పోతుంది, సినిమాను ఏం చేస్తారో ఎవరికీ తెలియదు. సుభాషిణి రాత్రంతా ఆలోచించే వచ్చింది. తనకు ఇంకా చాలా సర్వీసు ఉంది. దగ్గుతో పోయేదేముంది అని నిశ్చయించుకుంది.

"సార్, అది..." అని మొదలుపెట్టింది.

ఎదురుగా నృసింహంగారు, దయానిధిగారు, సభ్యులూ కుర్చీల్లో మర్యాదగా, వీపులు నిటారుగా పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆ కుర్చీలు లేవనుకుంటే ఎలా ఉంటుంది అన్న ఊహ పిలవకుండానే వచ్చింది. అంతే. ముక్కులో మొదలైంది. చేతిలోని కాగితం మొహానికి అడ్డం పెట్టుకుంది. లాభం లేకపోయింది. నిండు మండలి ముందు, వేలెత్తకుండా, ఛైర్మన్‌గారి కళ్లల్లోకి చూస్తూ నవ్వింది.

నవ్వి, కళ్లు తుడుచుకుని, పెన్ను తీసుకుంది. "నవ్వు సార్," అంది. మినిట్స్‌లో అదే రాసుకుంది.

పురుషోత్తమయ్యగారు లేచి నిలబడి, ప్రాజెక్టులు మంజూరు చేసే రోజుల నాటి గొంతుతో చెప్పారు.

"రససంకరం రుజువైంది. నీటిలో ఉప్పు కలిస్తే ఏం చేస్తాం? వేరు చేస్తాం. భయ ఉపసంఘం చిత్రంలో భయం కలిగించే భాగాలన్నీ తొలగించాలి. హాస్య ఉపసంఘం నవ్వు పుట్టించే భాగాలన్నీ తొలగించాలి. మిగిలిన స్వచ్ఛమైన చిత్రానికి సర్టిఫికెట్ ఇవ్వాలి."

ఉపసంఘాలు ఎన్నడూ అంత ఉత్సాహంగా పనిచేయలేదు. సినిమా ఎవరూ చూడనక్కర్లేకుండా, ఏ సీన్లో ఎవరున్నారో మాత్రమే రాసి రాజుగారిచ్చిన పట్టిక దగ్గర పెట్టుకుని కొట్టివేశారు. దయానిధిగారు ట్రోలు ఉన్న సీన్లన్నీ తీసేశారు. నృసింహంగారు జాగ్రత్త కోసం మనుషులున్న సీన్లన్నీ తీసేశారు. చివరికి కొండలు, మంచు, దూరాన మేస్తున్న రెండు గొర్రెలు మిగిలాయి. దానికి ఇంటిల్లిపాదీ చూడదగ్గ చిత్రం అని సర్టిఫికెట్ వచ్చింది.

రామభద్రరాజు ఆ సర్టిఫికెట్ అందుకుని వరండాలో నిలబడి, తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"గొర్రెలకి డబ్బింగ్ చెప్పించుకోవచ్చా అండి?" అని అడిగాడు.

సుభాషిణి మీద ఆరోపణ కూడా అదే రోజు వీగిపోయింది. నవ్వుకు కారణమైన సీను చిత్రంలో లేదు. లేని సీనుకు నవ్వడం అసాధ్యం. కనుక ఆమె నవ్వలేదు. నృసింహంగారు దీన్ని గొప్ప తర్కమన్నారు. పోస్టు కాగితం కదిలి, ఆమె డిప్యూటీ కార్యదర్శి అయింది.

అందరూ అభినందించారు. ఆమె కృతజ్ఞతలు చెప్పి, సినిమా మీద ఇచ్చిన ఉత్తర్వు చివరి పేరా చదివింది. 'తొలగించిన భాగాలు భౌతికంగా ధ్వంసం చేయవలెను.'

అంటే ఇక ఆ ఆఫీసులో ట్రోలు నంబరు ఎన్నటికీ పిలవరు. డిప్యూటీ కార్యదర్శిగా ఆమె సంతకం పెట్టిన మొదటి కాగితం అదే అయింది.

*

ధ్వంసానికి శుక్రవారం పెట్టారు. బల్ల మీద గుడ్డ పరిచి, మీద హార్డ్ డిస్క్, పక్కన స్టోర్స్ నుంచి తెచ్చిన సుత్తి ఉంచారు. ఛైర్మన్‌గారు కోటు వేసుకొచ్చారు. కన్వీనర్లు ఇద్దరూ, సాక్షిగా రామభద్రరాజు, ప్రభుత్వ వైద్యుడు ఉండాలన్నారు గనుక ఆ గొంతు డాక్టరు, అందరూ వచ్చారు. డాక్టరు సెలవు పెట్టి మరీ వచ్చాడు.

పురుషోత్తమయ్యగారు సుత్తి ఎత్తారు. ఎత్తి ఆగారు. కాలువ గట్లు తెగ్గొట్టించే ముందు కూడా ఆయన అలాగే ఆగేవారట.

"ఇందులో ఉన్నవి తొలగించిన భాగాలేనని ధ్రువీకరించింది ఎవరు?" అన్నారు.

ఎవరూ ధ్రువీకరించలేదు.

"పొరపాటున సర్టిఫికెట్ ఇచ్చిన గొర్రెలు ఉంటే? ఆమోదించిన భాగాన్ని ధ్వంసం చేస్తే ఆడిట్ వాళ్లకు నేను ఏం చెప్పాలి? డిప్యూటీ కార్యదర్శిగారూ, నిబంధన ఏమిటి?"

సుభాషిణి ధ్వంస నియమావళి తెరిచి చదివింది.

"ధ్వంసం చేయవలసినదాన్నే ధ్వంసం చేస్తున్నట్టు ధ్వంసాధికారి, సాక్షులు ఆమూలాగ్రం స్వయంగా చూసి నిర్ధారించుకోవలెను సార్."

"ఆమూలాగ్రమా?"

"ఆమూలాగ్రం సార్. ఆఖరి దాకా."

ప్రివ్యూ హాలు తాళం తీశారు. ఇస్మాయిల్ మొదటి నుంచీ వేయబోతే, అందరూ ఒక్కసారే కుర్చీ సీను దగ్గర్నుంచి చాలన్నారు. ముందు భాగం ఇదివరకే నిర్ధారణ అయిందన్నారు.

తెర మీద ట్రోలు గాలిలో కూర్చుని ఉన్నాడు. ముసలాయన పని ఎంతకీ తెమలడం లేదు. పెన్షన్ సంగతి చెబుతూ మధ్యలో తన మోకాలి ఆపరేషన్ గురించి చెబుతున్నాడు. కిటికీ అంచున ఎండ పొడ కనబడింది. నేల మీద పాకుతూ వచ్చింది. ట్రోలు తోక పక్కకి జరుపుకున్నాడు. ఎండ ఇంకా దగ్గరికొచ్చింది. ట్రోలు చిటికెన వేలి గోరు రాయైంది. ఆ గోటిని చూసుకున్నాడు, క్యూని చూశాడు, ముసలాయన్ని ఏమీ అనలేదు. చేతిలో టోకెన్ ఇంకొంచెం జాగ్రత్తగా పట్టుకున్నాడు.

నృసింహంగారు ముందుకు వంగారు.

అప్పుడు కౌంటర్ ముసలావిడ లేచింది. నింపాదిగా, చెప్పులు ఈడ్చుకుంటూ ఒక కిటికీ దగ్గరికెళ్లి తెర దించింది. ఇంకో కిటికీ తెర దించింది. మూడో కిటికీకి తెర ఇరుక్కుంటే కుర్చీ కోసం చూసింది. కుర్చీ లేదు. ట్రోలు తల వంచుకుని, జేబులోంచి కుర్చీ ముక్కలు తీసి ఒక్కొక్కటే ఆవిడకు అందించాడు. ఆవిడ వాటినీ వాడినీ మార్చి మార్చి చూసి, వాడి మోకాలు ఎక్కి తెర దించింది. ఆఫీసులో మళ్లీ చీకటి పడింది.

"మీ పని అయ్యేదాకా ఇక్కడ తెల్లారదు," అంది కిందికి దిగుతూ. "నంబరెంత?"

సుభాషిణి నవ్వింది. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా నవ్వింది. నవ్వుతూనే కళ్లమ్మట నీళ్లు పెట్టుకుంది.

హాలంతా తిరిగి ఆమెను చూసింది. తర్వాత ఛైర్మన్‌గారిని చూసింది. రెండు చేతులూ సుత్తి మీద ఉండడంతో ఆయన వేలెత్తే పరిస్థితిలో లేరు. ఆయన భుజాలు మాత్రం కదులుతున్నాయి. తెర మీదినుంచి కళ్లు తిప్పకుండానే అన్నారు:

"కానివ్వండమ్మా. ఇదేమైనా ప్రదర్శనా? ధ్వంసమేగా."

ఆ మాట పూర్తి కాకముందే వెనక వరసలో అటెండర్లు నవ్వారు. ఈసారి సీను మారలేదు. గొంతు డాక్టరు, రాజుగారు ఒకరినొకరు పట్టుకున్నారు. దయానిధిగారు తన నాడి తనే చూసుకుంటూ నవ్వారు. నృసింహంగారి నోట్లోంచి ఒక కొత్త రకం చప్పుడు వచ్చింది. శాస్త్రంలో చెప్పిన ఆరింటిలో అది ఏదీ కాదని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు.

లైట్లు వేశాక ఛైర్మన్‌గారు కోటు సర్దుకుని సుత్తిని బల్ల మీద పెట్టేశారు.

"మూడో కిటికీ దగ్గర నాకు కొంత స్పష్టత రాలేదు," అన్నారు. "సందేహం ఉండగా ధ్వంసం చేయడం బాధ్యతారాహిత్యం. వచ్చే శుక్రవారం మళ్లీ నిర్ధారించుకుందాం. స్వతంత్ర సాక్షులు సరిపోలేదు. ఇళ్లల్లో పిల్లలుంటే తీసుకురండి, వాళ్ల చూపు మనకంటే నిశితంగా ఉంటుంది. రాజుగారూ, మీ మనవరాలు ఖాళీయేనా?"

'కొండ దిగిన మామయ్య'లో కొండలు, మంచు, గొర్రెలు తప్ప మరేదీ ఈ రాష్ట్రంలో ఎవరూ చూడరాదన్న ఉత్తర్వు నేటికీ అమల్లో ఉంది. శుక్రవారం సాయంత్రాలు మండలి హాల్లో కూర్చోడానికి చోటు చాలడం లేదు. పైనుంచి ఎప్పుడు అడిగినా డిప్యూటీ కార్యదర్శి సుభాషిణి ఒకే వాక్యం రాసి పంపుతోంది: ధ్వంసం సంతృప్తికరంగా సాగుతున్నది.